నీళ్లలో పెట్టగానే సెన్సర్ రీడింగ్ ఎందుకు తప్పుతుంది? పవర్, డేటా లైన్లను ఐసోలేట్ చేయడం ఎలా?

ముందు ఒక ప్రశ్న. మెటల్ బాడీ ఉన్న ఫోన్‌ని చార్జింగ్‌లో పెట్టి, చెప్పుల్లేకుండా నేల మీద నిలబడి దాని అంచు మీద వేలు అలా మెల్లగా రాశారా ఎప్పుడైనా? సన్నగా జివ్వుమంటుంది. షాక్ అనలేం, కానీ ఏదో ఉందని తెలుస్తుంది. చార్జర్ పాడైందేమో అని చాలామంది భయపడతారు. చాలాసార్లు చార్జర్ బాగానే ఉంటుంది. ఆ జివ్వుమనే దానికీ, మా బాబాయ్ రొయ్యల చెరువులో నా పీహెచ్ సెన్సర్ నాకు చెప్పిన అబద్ధానికీ కారణం ఒక్కటే. ఈ ఆర్టికల్ ఆ కారణం గురించి, దాన్ని ఎలా తెంచాలన్న దాని గురించి.

మా బాబాయ్‌ది భీమవరం దగ్గర. వనామీ రొయ్యలు పెంచుతాడు. పోయిన సంక్రాంతికి వెళ్లినప్పుడు "ఒరే, సాఫ్ట్‌వేర్ చదివావు కదా, పొద్దున్నా సాయంత్రం చెరువు గట్టు మీదకెళ్లి సీసాలు పట్టుకుని టెస్టులు చేసే బాధ తప్పించరా" అన్నాడు. నాకు ఈఎస్‌పీ32 చేతిలో ఉంటే ఆగదు. ఒక పీహెచ్ ప్రోబ్, నీటిలో ఉప్పదనం తెలుసుకోవడానికి ఒక ఈసీ ప్రోబ్, ఉష్ణోగ్రతకి ఒక డీఎస్18బీ20. మూడూ ఒక బోర్డు మీద. హైదరాబాద్ రూమ్‌లో గ్లాసుల్లో ఒక్కో ప్రోబ్‌ని విడివిడిగా టెస్ట్ చేశా. బఫర్ సొల్యూషన్‌తో కాలిబ్రేట్ చేశా. అన్నీ పర్ఫెక్ట్.

చెరువులో పెట్టాక పీహెచ్ 6.9 చూపించింది.

బాబాయ్ మొహం చూడాలి ఆ టైమ్‌లో. వనామీ చెరువులో మామూలుగా 7.5 నుంచి 8.5 మధ్య ఉండాలనుకుంటారు. 6.9 అంటే సున్నం చల్లాలి. ఆయన సంచులు దింపమని మనిషికి ఫోన్ కూడా చేశాడు. అదృష్టం ఏంటంటే, చల్లే ముందు అలవాటు కొద్దీ పాత టెస్ట్ కిట్‌తో ఒకసారి చూశాడు. అందులో రంగు 8 దాటింది. పైగా రెండోసారి చూసినా అంతే. అప్పటికే 8 దాటిన నీళ్లలో సున్నం వేస్తే పీహెచ్ ఇంకా పెరుగుతుంది. పీహెచ్ పెరిగితే నీటిలో ఉన్న అమ్మోనియాలో విషంగా పనిచేసే భాగం పెరుగుతుంది. అంటే నా గ్యాడ్జెట్ మాట విని ఉంటే ఆ రోజు పంటకే ఎసరు పెట్టేవాళ్లం.

మరి ఎంత తేడా వచ్చింది? లెక్క వేద్దాం. పీహెచ్ ప్రోబ్ ఒక చిన్న బ్యాటరీ లాంటిది. 25 డిగ్రీల దగ్గర ఒక్కో పీహెచ్ యూనిట్‌కి సుమారు 59 మిల్లీవోల్టులు ఇస్తుంది. అసలు విలువ 8.1 అనుకుంటే తేడా 1.2 యూనిట్లు. అంటే దాదాపు 71 మిల్లీవోల్టులు. పెన్సిల్ సెల్ వోల్టేజ్‌లో ఇరవయ్యో వంతు కూడా కాదు! అంత చిన్న వోల్టేజ్ ఎక్కడి నుంచో దొంగచాటుగా వచ్చి చేరితే చాలు, మొత్తం తప్పైపోతుంది.

నేను సాఫ్ట్‌వేర్ వాడిని కదా, ముందు కోడ్‌లోనే సరిచేద్దామని చూశా. వంద రీడింగ్‌లు తీసి యావరేజ్ చేశా. అంకె ఊగడం తగ్గింది, కానీ తప్పు తప్పుగానే ఉంది. ఇంకా చెప్పాలంటే ముందు ఊగుతూ తప్పు చూపించేది, ఇప్పుడు నిలకడగా తప్పు చూపిస్తోంది. ఇది ఇంకా ప్రమాదం, ఎందుకంటే నిలకడగా ఉన్న అంకెని ఎవరైనా నమ్మేస్తారు.

తర్వాత ఒక ప్లాస్టిక్ బకెట్‌లో చెరువు నీళ్లు తెచ్చి గట్టు మీదే కూర్చున్నా. పవర్ బ్యాంక్ మీద, పీహెచ్ ప్రోబ్ ఒక్కటే పెడితే 8.1. పక్కన ఈసీ ప్రోబ్ ముంచగానే 7.2కి పడింది. తీసేస్తే మళ్లీ 8.1. అప్పుడు పవర్ బ్యాంక్ తీసి స్టార్టర్ బాక్స్ దగ్గరున్న ప్లగ్‌లో మొబైల్ అడాప్టర్ పెట్టి, పీహెచ్ ప్రోబ్ ఒక్కదాన్నే చెరువులో వేశా. ఏరియేటర్లు ఆగి ఉన్నప్పుడు ఒక అంకె, తిరుగుతున్నప్పుడు ఇంకో అంకె. అంటే దొంగలు ఇద్దరు.

మొదటి దొంగ ఈసీ ప్రోబ్. అది నీటిలోకి చిన్న ఏసీ కరెంట్ పంపి, నీళ్లు దాన్ని ఎంత తేలిగ్గా పోనిస్తున్నాయో కొలుస్తుంది. దాని పనే కరెంట్ పంపడం. పీహెచ్ ప్రోబ్‌లో రెండు భాగాలుంటాయి. కొలిచే గాజు బుడగ ఒకటి, రిఫరెన్స్ ఎలక్ట్రోడ్ ఒకటి. ఆ రిఫరెన్స్ బోర్డు గ్రౌండ్‌కి గానీ, గ్రౌండ్‌తో లంకె ఉన్న ఒక స్థిర వోల్టేజ్‌కి గానీ కలిపి ఉంటుంది. ఈసీ బోర్డుకీ అదే గ్రౌండ్. ఇక చూడండి: ఈసీ ప్రోబ్ నుంచి నీళ్లలోకి, నీళ్ల నుంచి పీహెచ్ రిఫరెన్స్‌లోకి, అక్కడి నుంచి గ్రౌండ్ వైర్ మీదుగా మళ్లీ ఈసీ బోర్డుకి. చక్కటి చుట్టు పూర్తయింది. రిఫరెన్స్ చివర ఉండే పోరస్ జంక్షన్‌కి కొన్ని కిలో ఓమ్‌ల రెసిస్టెన్స్ ఉంటుంది. 5 కిలో ఓమ్‌లు అనుకుంటే, దాని గుండా 14 మైక్రో ఆంపియర్లు పోయినా చాలు, ఓమ్ సూత్రం ప్రకారం 70 మిల్లీవోల్టులు తయారు. చవక ఈసీ బోర్డుల్లో ఆ ఏసీ పక్కాగా సున్నా చుట్టూ ఉండదు, కాస్త డీసీ కూడా కలిసి ఉంటుంది. అందుకే యావరేజ్ తీసినా తప్పు పోలేదు.

రెండో దొంగ ఇంకా గమ్మత్తు. ఇక్కడికే ఫోన్ జివ్వుమనే కథ వస్తుంది. రెండు పిన్నుల చార్జర్‌లో ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది కాబట్టి 230 వోల్టుల వైపూ, 5 వోల్టుల వైపూ వేరుగానే ఉంటాయి. కానీ చార్జర్ వెదజల్లే నాయిస్ తగ్గించడానికి ఆ రెండు వైపుల మధ్య ఒక చిన్న కెపాసిటర్ వేస్తారు. దాన్ని వై కెపాసిటర్ అంటారు. అది 1 నానోఫారడ్ అనుకుంటే, 50 హెర్ట్జ్ దగ్గర దాని అడ్డు సుమారు 3.2 మెగా ఓమ్‌లు. 230 వోల్టులకి దాదాపు 72 మైక్రో ఆంపియర్లు. మీ వేలికి తెలిసేది అదే. మనిషికి అది ఏమీ కాదు. పీహెచ్ ప్రోబ్‌కి మాత్రం అది వరద. చెరువులో ఏరియేటర్ మోటార్లు, వాటి కేబుళ్లు తడిలో ఉంటాయి, ఎంతో కొంత లీకేజ్ నీళ్లలోకి వస్తుంది. అది నా రిఫరెన్స్‌లోకి, బోర్డు గ్రౌండ్‌లోకి, అడాప్టర్ వై కెపాసిటర్ మీదుగా మళ్లీ మెయిన్స్‌లోకి. ఇంకో చుట్టు.

ఈ రెండు కథల్లోనూ మీరు గమనించాల్సింది ఒక్కటే. కరెంట్‌కి తిరిగి వెళ్లే దారి ఉంటేనే ప్రవహిస్తుంది. ఐసోలేషన్ అంటే కరెంట్‌కి అడ్డంగా గోడ కట్టడం అని చాలామంది అనుకుంటారు. కాదు, ఆ చుట్టుని ఒక చోట తెంచడం. నీళ్లు ఉమ్మడి, దాన్ని మనం మార్చలేం. కాబట్టి బోర్డు వైపు తెంచాలి. ప్రతి ప్రోబ్ సర్క్యూట్‌నీ ఒక దీవిలా చేయాలి. దీవికి కరెంట్ రావాలి, దీవి నుంచి డేటా పోవాలి. కానీ ఒక్క రాగి తీగ కూడా వంతెనగా ఉండకూడదు.

ఇక పార్టుల సంగతికి వద్దాం. డేటాకి చాలామందికి ముందు గుర్తొచ్చేది ఆప్టోకప్లర్. లోపల ఒక ఎల్ఈడీ, ఎదురుగా వెలుతురు చూసే ట్రాన్సిస్టర్. సిగ్నల్ వెలుతురు రూపంలో దాటుతుంది. పీసీ817 దొరకని షాపు ఉండదు. రిలే ఆన్ ఆఫ్ చేయడానికి బాగుంటుంది కానీ స్పీడ్ తక్కువ. 6ఎన్137 సెకనుకి 10 మెగాబిట్ల దాకా పోతుంది. అయితే రెండూ ఒక వైపు మాత్రమే పంపుతాయి. ఐ2సిలో డేటా లైన్ ఒకే తీగ మీద రెండు వైపులా నడుస్తుంది కాబట్టి ఆప్టోలతో చేయడం తలనొప్పి. దానికోసమే తయారైన చిప్స్ ఉన్నాయి: అనలాగ్ డివైసెస్ వాళ్ల ఏడీయూఎం1250, టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వాళ్ల ఐఎస్ఓ1540. మొదటిది లోపల సూక్ష్మమైన ట్రాన్స్‌ఫార్మర్లు వాడుతుంది, రెండోది సిలికాన్ డయాక్సైడ్ పొర మీద కెపాసిటర్లు. రెండూ 1 మెగాహెర్ట్జ్ దాకా ఐ2సి నడుపుతాయి. నేను ఐఎస్ఓ1540 తీసుకున్నా, కారణం పెద్దదేం కాదు, ఆ రోజు అదే దొరికింది.

మీకు ఒక డౌట్ రావచ్చు: పీహెచ్ బోర్డు ఇచ్చేది అనలాగ్ వోల్టేజ్ కదా, దాన్ని ఐ2సి చిప్‌తో ఎలా దాటిస్తాం? దాటించం. దీవిలోనే డిజిటల్‌గా మార్చేస్తాం. ఏడీఎస్1115 అనే 16 బిట్ ఏడీసీని పీహెచ్ బోర్డు పక్కనే, అదే దీవి గ్రౌండ్ మీద పెట్టాలి. 6.144 వోల్టుల రేంజ్‌లో పెడితే దాని ఒక్కో మెట్టు 0.1875 మిల్లీవోల్టు. మన 59 మిల్లీవోల్టుల పనికి చాలా ఎక్కువే.

ఇప్పుడు నేను చేసిన అసలు తప్పు. ఐఎస్ఓ1540 మాడ్యూల్ రాగానే ఉత్సాహంగా డేటా లైన్లు దాని గుండా పంపా. చిప్‌కి రెండు వైపులా పవర్ కావాలి కదా, రెండు వైపులకీ అదే 5 వోల్టుల రైలు, అదే గ్రౌండ్ ఇచ్చేశా. బకెట్‌లో పెట్టి చూస్తే రీడింగ్ ఇంచు కూడా మారలేదు. చిప్ డూప్లికేట్ వచ్చిందని అమ్మినవాడిని తిట్టుకున్నా కూడా. తర్వాత రాత్రి పడుకున్నాక వెలిగింది: ముందు తలుపుకి తాళం వేసి, పెరటి తలుపు బార్లా తెరిచి పెట్టా. డేటా ఎంత ఖరీదైన చిప్‌తో విడగొట్టినా, గ్రౌండ్ తీగ ఒకటి కలిసి ఉంటే ఐసోలేషన్ సున్నా. సగం అని కూడా అనడానికి లేదు.

అందుకని పవర్‌కి బీ0505ఎస్ అనే చిన్న నల్ల డబ్బా. నాలుగు కాళ్లు. 5 వోల్టులు లోపలికి, 5 వోల్టులు బయటికి, మధ్యలో బుల్లి ట్రాన్స్‌ఫార్మర్. 1 వాట్, అంటే 200 మిల్లీ ఆంపియర్లు ఇస్తుంది. 5ని 5గా మార్చడానికి ఒక పార్టు ఎందుకురా అని ఫ్రెండ్ నవ్వాడు. వోల్టేజ్ మార్చడానికి కాదు కొన్నది, గ్రౌండ్ వేరు చేయడానికి. దీని రెండు వైపుల మధ్య కూడా కొద్దిగా కెపాసిటెన్స్ ఉంటుంది, 20 పికోఫారడ్ల దగ్గర. అడాప్టర్ వై కెపాసిటర్‌తో పోలిస్తే ఇది 50 వంతులు తక్కువ, కాబట్టి ఆ 72 మైక్రో ఆంపియర్లు మహా అయితే ఒకటిన్నరకి పడిపోతాయి.

దీంతో రెండు జాగ్రత్తలు. ఇది వోల్టేజ్‌ని రెగ్యులేట్ చేయదు. లోడ్ మరీ తక్కువైతే 5 వోల్టుల కన్నా బాగా పైకి పోతుంది. కనీసం 10 శాతం లోడ్ కావాలి, అంటే 20 మిల్లీ ఆంపియర్లు. పీహెచ్ బోర్డూ ఏడీసీ కలిపినా అంత తినవు. అందుకే అవుట్‌పుట్‌కి అడ్డంగా ఒక 270 ఓమ్ రెసిస్టర్ పెట్టా, అది 18 మిల్లీ ఆంపియర్లు ఊరికే తింటుంది. బోర్డు తాగేదీ కలిస్తే సరిపోతుంది. కరెంట్ వేస్ట్ అనిపిస్తుంది కానీ తప్పదు. రెండోది, ఇది లోపల స్విచింగ్ చేస్తుంది కాబట్టి అవుట్‌పుట్ మీద రిపుల్ ఉంటుంది. ఒక 10 మైక్రోహెన్రీ ఇండక్టర్, దాని తర్వాత 10 మైక్రోఫారడ్ కెపాసిటర్ వేస్తే శుభ్రపడింది. వేయకముందు ఏడీసీ చివరి అంకెలు పిచ్చిగా గెంతేవి.

ఐఎస్ఓ1540 కలిపేటప్పుడు కూడా ఒక మెలిక ఉంది. రెండు వైపులా పుల్-అప్ రెసిస్టర్లు ఉండాలి, చాలా మాడ్యూళ్లలో ఉంటాయి, లేకపోతే 4.7 కిలో ఓమ్‌లు వేసుకోండి. చిప్ మొదటి వైపు 'లో' అంటే నిజంగా సున్నా కాదు, 0.7 వోల్టుల దగ్గర ఆగుతుంది. డేటా రెండు వైపులా నడవాలంటే వాళ్లు అలా చేయక తప్పలేదు. 3.3 వోల్టుల మీద నడిచే ఈఎస్‌పీ32 సుమారు 0.8 దాకా మాత్రమే 'లో'గా తీసుకుంటుంది, మార్జిన్ బొటాబొటి. అందుకే రెండో వైపుని ఈఎస్‌పీ32కి, మొదటి వైపుని 5 వోల్టుల ఏడీసీకి ఇచ్చా. తిరగేసి పెట్టి, అప్పుడప్పుడూ బస్ ఎర్రర్లు వస్తున్నాయని రెండు రోజులు లైబ్రరీ కోడ్ చదివే పని మీకు వద్దు. పైగా ఒక వైపు 3.3, ఇంకో వైపు 5 ఇవ్వొచ్చు కాబట్టి లెవెల్ షిఫ్టర్ ఖర్చు కూడా మిగిలింది.

ఇదే సెట్‌ని ఈసీకి ఇంకోటి చేశా. ఇంకో బీ0505ఎస్, ఇంకో ఐఎస్ఓ1540, ఇంకో ఏడీఎస్1115. ఏడీసీల అడ్రస్‌లు మాత్రం వేరు చేయాలి. అడ్రస్ పిన్ గ్రౌండ్‌కి కలిపితే హెక్సాలో 48, పాజిటివ్‌కి కలిపితే 49. ఒక్క పీహెచ్‌ని మాత్రమే ఐసోలేట్ చేస్తే సరిపోదా అంటే, ప్రోబ్‌లు ఒకదాన్ని ఒకటి పాడు చేయకుండా అది చాలు. కానీ ఈసీకి కూడా అడాప్టర్ మీదుగా మెయిన్స్ చుట్టు ఉంది కదా. అందుకే రెండు దీవులు. ఒకే దీవిలో రెండింటినీ పెట్టడం మాత్రం అస్సలు వద్దు, మళ్లీ ఉమ్మడి గ్రౌండ్ అవుతుంది.

బోర్డు మీద సోల్డర్ చేసేటప్పుడు ఐసోలేటర్ చిప్ కింద, డబ్బా కింద రాగి ఉండకూడదు. పెర్ఫ్‌బోర్డ్ అయితే మధ్యలో రెండు మూడు వరుసలు పూర్తిగా ఖాళీ వదలండి. పీసీబీ గీస్తున్నవాళ్లు గ్రౌండ్ ప్లేన్‌ని అలవాటుగా బోర్డంతా పరిచేస్తారు. అది చిప్ కింద నుంచి పోతే ఆ చిప్‌కి పెట్టిన డబ్బు దండగే.

తర్వాత టెస్టింగ్. పవర్ మొత్తం తీసేసి, మల్టీమీటర్‌ని రెసిస్టెన్స్ మోడ్‌లో పెట్టి ఒక ప్రోబ్ ఈఎస్‌పీ32 గ్రౌండ్ మీద, ఇంకోటి పీహెచ్ దీవి గ్రౌండ్ మీద పెట్టండి. ఓపెన్ అని చూపించాలి. తర్వాత ఈసీ దీవి, తర్వాత దీవికీ దీవికీ మధ్య. బీప్ వచ్చిందంటే ఎక్కడో వంతెన ఉన్నట్టే. ఆ తర్వాత బకెట్ పరీక్ష: రెండు ప్రోబ్‌లూ ఒకే నీళ్లలో పెట్టి, ఈసీని ఆన్ ఆఫ్ చేస్తూ పీహెచ్ అంకె చూడండి. నాకు మార్పు 0.02 లోపు వచ్చింది. చెరువులో ఏరియేటర్లు తిరుగుతున్నా 8.1 దగ్గర కదలకుండా నిలబడింది. బాబాయ్ టెస్ట్ కిట్ పక్కన పెట్టుకుని నాలుగుసార్లు పోల్చాడు.

ఇంకా ఒక విషయం గట్టిగా చెప్పాలి. డేటాషీట్‌లో బీ0505ఎస్‌కి 1500 వోల్టులు, ఐఎస్ఓ1540కి 2500 వోల్టులు అని ఉంటుంది. అది ఒక నిమిషం పాటు తట్టుకునే పరీక్ష. రోజూ అంత వోల్టేజ్ మీద వదిలేయొచ్చని కాదు. ఈ ఐసోలేషన్ మన రీడింగ్‌ని కాపాడటానికే, మనిషిని కాపాడటానికి కాదు. చెరువులో దిగే మనుషుల కోసం మోటార్ లైన్‌కి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించండి. నా లీకేజ్ కథ విన్నాక బాబాయ్ ముందు చేయించింది అదే. ఏరియేటర్లు నడుస్తున్నప్పుడు నీళ్లలో చెయ్యి పెట్టి ప్రోబ్ సర్దే పని మీరూ చేయొద్దు.

ఇంత సోల్డరింగ్ వద్దనుకునేవాళ్లకి ఇంకో దారి ఉంది, నాకైతే ఇది చాలా నచ్చుతుంది. ఒక్కో ప్రోబ్‌కి ఒక్కో ఈఎస్‌పీ32, ఒక్కో లిథియం సెల్. డేటా ఈఎస్‌పీ-నౌ మీద గాలిలో పోతుంది. గాలి కంటే మంచి ఐసోలేటర్ ఏముంది? కాకపోతే సెల్స్ చార్జ్ చేయడానికి అన్నిటికీ కలిపి ఒకే సోలార్ ప్యానెల్ తగిలించారో, గ్రౌండ్ మళ్లీ కలిసిపోతుంది.

అన్నీ అయ్యాయి అనుకున్నాక మూడు వారాలకి బాబాయ్ ఫోన్. "ఏంట్రా నీ మిషను మళ్లీ 7.4 అంటోంది, కిట్‌లో ఎనిమిదే ఉంది." ఈసారి నాకు భయం వేయలేదు, ఎక్కడో తీగ కలిసిందని అర్థమైంది. ఆదివారం వెళ్లి అన్నీ విప్పి మల్టీమీటర్ పెట్టా. రెండు దీవులూ ఓపెనే. మిగిలింది డీఎస్18బీ20. స్టీల్ గొట్టంలో సీల్ చేసి ఉంటుంది, నీళ్లతో సంబంధం లేదని దాన్ని నేరుగా ఈఎస్‌పీ32కి కలిపేశా. గొట్టానికీ దాని గ్రౌండ్ తీగకీ మధ్య మీటర్ పెడితే కొన్ని కిలో ఓమ్‌లు చూపించింది. సీల్ ఊడి లోపలికి నీళ్లు దిగాయి. అంటే ఈఎస్‌పీ32 గ్రౌండ్ నేరుగా చెరువులోకే దిగిపోయింది. అప్పటికీ దీవులు రెండూ విడిగానే ఉన్నాయి కదా, మరి పీహెచ్ ఎందుకు కదిలిందని బుర్ర గోక్కున్నా. తీరా చూస్తే పీహెచ్ కేబుల్ పైనున్న షీల్డ్ అల్లికని బాక్స్ లోపల నీట్‌గా ఉంటుందని నేనే మెటల్ క్లాంప్ కింద బిగించా. ఆ క్లాంప్ స్క్రూ ఈఎస్‌పీ32 గ్రౌండ్ ప్యాడ్‌ని తాకుతోంది. తేమకి తుప్పు పట్టి, మీటర్ పెట్టినప్పుడు ఓపెన్ అంటోంది, మూత బిగిస్తే కలుస్తోంది. మెటల్ క్లాంప్ తీసి ప్లాస్టిక్ టై వేశా, డీఎస్18బీ20 మార్చి దాన్ని కూడా మూడో దీవిలోకి పంపా. ఇప్పుడు గ్రౌండ్‌ల మధ్య మీటర్ పెట్టి చూడటం మూత బిగించాకే చేస్తున్నా, దానికోసం బాక్స్ బయటికి మూడు టెస్ట్ పిన్నులు తీసి ఉంచా.